ఉద్యోగం మానకుండా కుండల పని: స్టూడియోనా, ఇల్లా, సొంత కిల్నా?

ఉద్యోగం చేస్తూ కుండల పని పెంచుకోవాలనుకునేవాళ్లు ముందుగా వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయో లెక్కేస్తారు. ఆ లెక్క అవసరమే, కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. శనివారం చేసిన పాత్ర దగ్గరికి ఆదివారం మళ్లీ వెళ్లగలరా? మంగళవారం ఓ పదిహేను నిమిషాలు చూసి రాగలరా? మట్టి మన సెలవు రోజు కోసం ఆగదు, దాని పాటికి అది ఆరిపోతూనే ఉంటుంది. అందుకే స్టూడియో సభ్యత్వం మంచిదా, ఇంట్లో సారె పెట్టుకోవడం మంచిదా, కిల్న్ (పాత్రలు కాల్చే కొలిమి) కొనాలా, ఉద్యోగంలో ఒక రోజు తగ్గించుకోవాలా అన్న ప్రశ్నలన్నిటినీ ఈ రెండో రోజు లెక్కతోనే తూచాలి.

ఆరు కప్పులకు పట్టే కాలం

ఆరు కాఫీ కప్పులు చేస్తున్నారనుకుందాం, ఒక్కోదానికి 400 గ్రాముల స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడికి కాల్చే గట్టి రకం). శనివారం ఉదయం సారె మీద చేసి, పలచటి ప్లాస్టిక్ వదులుగా కప్పి ఉంచితే ఆదివారం పొద్దున్నకి అంచు బిగుసుకుంటుంది, అడుగు మాత్రం ఇంకా మెత్తగా ఉంటుంది. అప్పుడు బోర్లించాలి. సాయంత్రానికి అంచూ అడుగూ ఇంచుమించు ఒకే గట్టిదనానికి వస్తాయి. గోటితో నొక్కితే గీత పడాలి, వేలు మాత్రం లోపలికి దిగకూడదు. చేత్తో ఎత్తితే గుండ్రం చెదరకూడదు. లెదర్ హార్డ్ అనేది ఈ దశనే. అడుగు చెక్కడం, పిడి అతికించడం ఇక్కడే జరిగిపోవాలి. చల్లటి తేమ గదిలో ఈ గడువు ఒక పూటంతా సాగుతుంది, ఫ్యాన్ తిరిగే గదిలో రెండు మూడు గంటల్లో దాటిపోతుంది.

దాటాక పిడి పెడితే ఏమవుతుందో చూడండి. తడి మట్టి పూర్తిగా ఆరేలోపే 5–6 శాతం కుంచించుకుంటుంది. అంటే 9 సెంటీమీటర్ల తడి పిడి దాదాపు 5 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. కప్పు అప్పటికే సగం ఆరి ఉంటే, అది కుంచించుకోవాల్సింది కొంచెమే మిగిలి ఉంటుంది. ఆ తేడా అంతా అతుకు మీద పడుతుంది. పై అతుకు దగ్గర వెంట్రుకంత పగులు వస్తుంది, చాలాసార్లు అది మొదటి కాల్పు అయ్యేదాకా కంటికే కనపడదు. ఇలాంటి పగుళ్లకు స్లిప్ (అతుక్కోవడానికి రాసే పలచటి మట్టి) సరిగా రాయలేదని, అతికే చోట గీతలు లోతుగా గీయలేదని అనుకుంటారు. ఎక్కువగా అసలు కారణం ఒకరోజు ఆలస్యంగా రావడమే.

పిడి పెట్టాక రెండు రోజులు గట్టిగా ప్లాస్టిక్ చుట్టి ఉంచితే పిడిలోని తేమ, కప్పు ఒంట్లోని తేమ సమానమవుతాయి. ఆ తర్వాత మెల్లగా తెరిచి మరో ఐదారు రోజులు ఆరనివ్వాలి. అప్పుడు 1000 డిగ్రీల ప్రాంతంలో బిస్క్ అనే మొదటి కాల్పు, ఆపైన గ్లేజ్ (కాలితే గాజులా మారే) పూత, కోన్ 6 (కోన్ అంటే కాల్పు వేడిని చెప్పే కొలత) అయితే 1220 డిగ్రీల ప్రాంతంలో రెండో కాల్పు. కిల్న్‌లో వంతు కోసం ఆగడం కూడా కలుపుకుంటే మొత్తం మూడు వారాలు.

చేతి పని ఎంత? కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు మట్టి పిసికి తూచడం 20 నిమిషాలు, సారె మీద గంట, అడుగులు చెక్కడం 45 నిమిషాలు, పిడులకు గంట, బిస్క్ అయ్యాక తుడవడం 10, గ్లేజ్ 45, నాలుగుసార్లు శుభ్రం చేసుకోవడానికి మరో గంట. మొత్తం ఐదు గంటలు, అంటే కప్పుకు 50 నిమిషాలు. ఈ ఐదు గంటలూ ఒకే శనివారం దొరికినా ఉపయోగం లేదు. నాలుగైదు విడతలుగా, సరైన రోజుల్లో దొరకాలి.

ఏది ఎంచుకున్నా ముందు తేమ పెట్టె

ఏ ఏర్పాటు ఎంచుకున్నా ఉద్యోగస్తులకు అన్నిటికంటే అక్కరకొచ్చే వస్తువు ఇది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె, లోపల అడుగున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలక. 40 × 30 సెంటీమీటర్ల పెట్టెలో రెండున్నర సెంటీమీటర్ల మందం రావాలంటే 2 లీటర్ల నీళ్లు, 2.8 కిలోల ప్లాస్టర్ పడతాయి. ప్లాస్టర్‌ని నీళ్లలోకి జల్లాలి, నీళ్లను ప్లాస్టర్‌లోకి పోయకూడదు. ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, బుడగలు రాకుండా మెల్లగా కలిపి, మీగడలా చిక్కబడగానే పోసేయాలి. గిన్నెలో మిగిలింది సింక్‌లో కడగొద్దు, గొట్టంలోనే గడ్డకడుతుంది. గట్టిపడ్డాక పలక పీల్చుకోవడం మానేసేదాకా నీళ్లు పోసి, పైన నిలిచిన నీటిని వంపేయాలి.

అందులో పెట్టి మూత బిగించిన లెదర్ హార్డ్ కప్పు రెండు మూడు వారాలైనా అదే గట్టిదనంలో ఉంటుంది. ఆఫీసులో పని పెరిగి ఆదివారం పోయినా తర్వాతి శనివారం పిడి పెట్టుకోవచ్చు. పిడి కోసం లాగిన మట్టినీ అందులోనే ఒక రాత్రి ఉంచితే అతుకు మరింత బాగా నిలుస్తుంది. ప్లాస్టర్‌ని మాత్రం కత్తితో గీకొద్దు. మట్టిలో చిన్న పలుకు కలిసినా, కాల్చాక అది తేమ పీల్చి ఉబ్బి, పాత్ర గోడ నుంచి పెచ్చు ఎగరగొడుతుంది. పాత్రల కింద పలచటి గుడ్డ వేసుకుంటే ఆ భయం ఉండదు.

స్టూడియో సభ్యత్వం

కిల్న్, సారెలు, గ్లేజ్ బకెట్లు, పక్కన నాలుగు చేతులు. మొదటి ఏడాదిలో దీన్ని మించింది లేదు. పక్కవాళ్ల చేతులు చూసి, తిరిగే సారె మీద మట్టి ముద్దను నడిమధ్యకు తెచ్చుకోవడం తొందరగా పట్టుబడుతుంది, ఒంటరిగా అయితే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. కానీ తరగతికీ సభ్యత్వానికీ చాలా తేడా ఉంది. వారానికి ఒకసారి జరిగే తరగతిలో మీ కప్పును మధ్యలో ఎవరో ఒకరు తెరిచి, మూసి, చూసుకుంటున్నారు కాబట్టే అది బతుకుతోంది. సభ్యత్వంలో ఆ పని మీదే.

చేరేముందు సారెల సంఖ్య కంటే తాళం వేసే వేళ అడగండి. ఆరున్నరకు ఆఫీసు వదిలేవాళ్లకు ఎనిమిదింటికి మూసే స్టూడియో శని, ఆదివారాల స్టూడియోనే. దూరం మీద మా అభిప్రాయం గట్టిది. ఆఫీసుకూ ఇంటికీ మధ్య దారిలోంచి ఇరవై నిమిషాలకు మించి పక్కకు తిరగాల్సి వస్తే, పదిహేను నిమిషాల పని కోసం మంగళవారం ఎవరూ వెళ్లరు. ఎంత మంచి స్టూడియో అయినా ఆ దూరం దాన్ని ఓడిస్తుంది. అల్మరాలో మీకెంత చోటు ఇస్తారు, తేమ పెట్టె పెట్టుకోనిస్తారా, కాల్పు ఎన్నాళ్లకోసారి, ఏ కోన్‌కి, బయట మట్టి తెచ్చుకోవచ్చా, అమ్మకానికి చేసుకోవడం కుదురుతుందా అన్నవి కూడా ముందే తెలుసుకోవాలి. చివరిది చాలామంది అడగరు. కొన్నిచోట్ల సభ్యులు నెలకు ఇన్ని కిలోలే కాల్చుకోవాలన్న పరిమితి ఉంటుంది. అభ్యాసానికి అది చాలుతుంది, ఆర్డర్లకు చాలదు.

ఇంట్లో చేసి, బయట కాల్పించుకోవడం

సారె లేకుండా పించ్ (చేత్తో నొక్కడం), కాయిల్ (మట్టి తాళ్లు పేర్చడం), స్లాబ్ (మట్టి పలకలతో చేయడం) పద్ధతుల్లో చేసేవాళ్లకు ఇదే అన్నిటికంటే పొందికైన దారి. మా మొగ్గు కూడా దీనివైపే. ఒక గట్టి బల్ల, మందపాటి గుడ్డ బిగించిన పలక, రొట్టెల కర్రలాంటి దొర్లించే కర్ర, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు చెక్క పట్టీలు, మట్టి కోసే తీగ, సూది, రిబ్ (ఒత్తి నునుపు చేసే చిన్న పనిముట్టు), బకెట్ ఉంటే పని మొదలవుతుంది. రాత్రి భోజనమయ్యాక నలభై నిమిషాలు కూర్చోవచ్చు, పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరే ముందు ప్లాస్టిక్ తీసి చూసుకోవచ్చు. రెండో రోజు సమస్య ఇంట్లో దానంతటదే తీరిపోతుంది.

స్లాబ్ పనిలో వచ్చే పెద్ద ఇబ్బంది వంకర. మట్టి పలకను ఒకవైపే ఒత్తి, ఒకవైపే గాలి తగిలేలా ఆరబెడితే పళ్లెం అంచులు పైకి లేస్తాయి. రెండువైపులా రిబ్‌తో గట్టిగా ఒత్తాలి, ఎత్తేటప్పుడు చేత్తో పట్టి వంచకుండా కిందనున్న గుడ్డ పలకతో సహా ఎత్తాలి, రెండు జిప్సమ్ బోర్డుల మధ్య పెట్టి నెమ్మదిగా ఆరనివ్వాలి. ఒకసారి వంగిన స్లాబ్‌ను మళ్లీ చదును చేసినా కాల్పులో ఆ వంపు తిరిగొస్తుంది.

రెండో ఇబ్బంది రవాణా. పూర్తిగా ఆరిన పచ్చి పాత్ర కంటే పెళుసైనది మరొకటి లేదు. కుమ్మరికి ఒక ఏడాది, గుదియకు ఒక పెట్టు అన్నట్టు, రోజుల తరబడి చేసిన పని స్పీడ్ బ్రేకర్ దగ్గర పోతుంది. ఎప్పుడూ అంచు పట్టుకుని ఎత్తొద్దు, అడుగు కింద చెయ్యి పెట్టాలి. పెట్టెలో ఒక్కో పాత్ర చుట్టూ మెత్తటి ఫోమ్ దూర్చాలి, ఒకదానిలో ఒకటి పెట్టకూడదు.

మూడోది అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. మీ మట్టి ఎంత వేడికి తయారైందో కాల్చేవాళ్లకు చెప్పకపోవడం. 1100 డిగ్రీల లోపు కాల్చాల్సిన ఎర్రమట్టి పాత్ర కోన్ 6 కాల్పులోకి వెళితే ఉబ్బి, వంగి, కరిగి కిల్న్ లోపలి అరకు అంటుకుపోవచ్చు. పక్కవాళ్ల పాత్రలూ పాడవుతాయి, అర ఖర్చూ మీదే. మట్టి సంచి మీద ఉన్న పేరు, కోన్ అంకె చీటీ మీద రాసి పెట్టెతో పాటు పంపండి.

ఇంట్లో మట్టి దుమ్ము విషయంలో రాజీ పడొద్దు. ఆరిన మట్టిలో సన్నని సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. చీపురు వద్దు, తడి స్పాంజి, తడి గుడ్డ మాత్రమే వాడాలి. ఆరిన పాత్రను గరుకు కాగితంతో రుద్దొద్దు, తడి స్పాంజితో అంచులు తుడిస్తే చాలు. పడుకునే గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

సొంత సారె

సారె ఇంటికొస్తే రోజూ చేయొచ్చనిపిస్తుంది. లెక్క వేరేలా తేలుతుంది. మట్టి పిసకడం, నీళ్లు సర్దడం, చివర్లో తట్టలు కడిగి, నేల తుడిచి, బురద నీళ్లు వంపడం, అన్నీ కలిసి అరగంట. గంట దొరికిన సాయంత్రం సారె మీద గడిచేది అరగంటే. కాబట్టి పని దినాల్లో అడుగులు చెక్కడం, పిడులు, గ్లేజ్ పెట్టుకుని, సారె మీద కొత్త పాత్రలు చేయడం సెలవు రోజుకు ఉంచుకోవడం మేలు. అలసిపోయిన సాయంత్రం చేసిన పాత్రల్లో తొందరపాటు అడుగులో దాక్కుంటుంది. మట్టిని తెరిచాక అడుగును రిబ్‌తో నాలుగైదుసార్లు ఒత్తకుండా గోడలు లేపేస్తే, ఆరేటప్పుడు అడుగు మధ్యలో ఎస్ అక్షరంలా పగులు పడుతుంది. అడుగులో నీరు నిలవనిచ్చినా అంతే.

కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు మణికట్టు గురించి ముందే జాగ్రత్తపడాలి. పగలంతా వాడిన కండరాలనే రాత్రి సారె దగ్గర మళ్లీ వాడతాం. మోచేతులు తొడలకు ఆనించి, బలం భుజాల నుంచి కాక ఒంటి బరువు నుంచి తేవాలి. పీట సారె తల ఎత్తులో గానీ, కొంచెం పైన గానీ ఉండాలి. 45 నిమిషాలకోసారి లేవాలి. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే మట్టి గట్టిగా ఉందేమో ముందు చూడండి, కొంచెం మెత్తటి మట్టితో సగం భారం తగ్గుతుంది.

స్టూడియోలో వారానికి రెండుసార్ల చొప్పున మూడు నెలలు మానకుండా వెళ్లగలిగినవాళ్లే సారె కొనాలని మా సలహా. ఆ మూడు నెలలు కుదరనివాళ్లకు ఇంట్లో సారె మీద బట్టలే ఆరతాయి.

సొంత కిల్న్

ఇది చివరి కొనుగోలు కావాలి. కొన్నా పెద్దది వద్దు. దాదాపు 100 లీటర్ల కిల్న్‌లో 40 కప్పుల దాకా పడతాయి. వారానికి ఆరు చొప్పున చేస్తే అది నిండటానికి ఏడు వారాలు. ఏడు వారాలకోసారి ఫలితం చూసేవాళ్లు, ఆ గ్లేజ్ ఎంత మందంగా రాశారో అప్పటికి మర్చిపోతారు. 45 లీటర్లది మూడు వారాల్లో నిండుతుంది. తప్పు గుర్తుండగానే దిద్దుకోవచ్చు.

కరెంటు సంగతి కొనేముందే చూడాలి. 7 కిలోవాట్ల కిల్న్ 230 వోల్టుల లైను మీద 30 ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. దానికి విడిగా తీగ, విడిగా బ్రేకర్, రెండూ కనీసం పాతిక శాతం ఎక్కువ సామర్థ్యంతో ఉండాలి. ఇంట్లో మామూలు సాకెట్‌కి తగిలిస్తే కాల్పు మధ్యలో ప్లగ్గు కరిగే ప్రమాదం ఉంది. గోడకూ కిల్న్‌కూ మధ్య 45 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. బిస్క్ కాల్పులో మట్టిలోని సేంద్రియ పదార్థం కాలి కార్బన్ మోనాక్సైడ్, గంధకపు వాయువులు వస్తాయి, గాలి బయటికి పోయే దారి లేనిచోట కిల్న్ పెట్టకూడదు. ఒక కాల్పుకు ఎన్ని యూనిట్లు అవుతాయో స్థూలంగా తెలియాలంటే కిలోవాట్లను గంటలతో గుణించి, అందులో అరవై శాతం తీసుకోండి.

ఉద్యోగస్తులకు సరిపోయే కాల్పు వరుస ఇలా ఉంటుంది. శుక్రవారం రాత్రి పాత్రలు పేర్చి, 85 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. మిగిలిన తేమ మరగకుండా పోతుంది. ఈ మెట్టు దాటవేస్తే మందపాటి అడుగుల్లోని నీరు ఆవిరై పాత్ర పేలుతుంది, పక్కనున్నవాటినీ తీసుకుపోతుంది. శనివారం ఉదయం ఆరింటి నుంచి గంటకు 100 డిగ్రీల చొప్పున 600 దాకా, అక్కడి నుంచి గంటకు 150 చొప్పున 1000 దాకా పెంచితే మధ్యాహ్నం రెండింటికి పూర్తవుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, వెడల్పు పళ్లాలు ఉంటే 540 నుంచి 600 వరకు ఇంకా నెమ్మదిగా పోవాలి. 100 డిగ్రీల కిందికి దిగేదాకా మూత ఎత్తొద్దు, ఆదివారం మధ్యాహ్నం తీయొచ్చు. కంట్రోలర్ (వేడిని నియంత్రించే పరికరం) ఎంత మంచిదైనా చివరి గంట ఇంట్లోనే ఉండాలి. రిలే (కరెంటును కలిపి, ఆపే స్విచ్) అతుక్కుపోతే కిల్న్ ఆగకుండా పైకెళుతూనే ఉంటుంది. పొద్దున్న ఆన్ చేసి ఆఫీసుకు వెళ్లే పద్ధతి ఎవరికీ చెప్పం.

ఉద్యోగం తగ్గించుకోవడం

ఇక్కడ కప్పుల లెక్కే పనికొస్తుంది. ఐదింటిలో ఒకటి పోతుందనుకుంటే కప్పుకు 50 నిమిషాలు కాస్తా 62 అవుతాయి. ఫొటోలు, ప్యాకింగ్, కొనేవాళ్లతో మాటలు కలుపుకుంటే గంటా ఇరవై నిమిషాలు. వారానికి పది గంటలు పెట్టగలిగే ఉద్యోగి నెలకు 30 కప్పులు అమ్మకానికి తేగలరు. వారానికి ఒక పని దినం తగ్గించుకుంటే 55 దాకా వస్తాయి. ఒక కప్పు మీద మీకు మిగిలేదాన్ని ఆ అదనపు 25తో గుణించి, పోయే జీతం పక్కన పెట్టి చూడండి. చాలామందికి మొదట్లో ఆ అంకె చిన్నదిగానే ఉంటుంది, అయినా దానివల్ల చెయ్యి కుదిరే వేగం ఎక్కువ. దేని కోసం తగ్గించుకుంటున్నారో స్పష్టంగా ఉంటే నిర్ణయం తేలిక.

ఏ రోజు తగ్గించుకోవాలి? వారం మధ్యలో బుధవారం విశ్రాంతిగా అనిపిస్తుంది. మట్టికి మాత్రం శుక్రవారమో సోమవారమో కావాలి. శని, ఆదివారాలతో కలిసి మూడు రోజులు వరుసగా దొరికితే ఒక రోజు సారె, రెండో రోజు అడుగులు, పిడులు, మూడో రోజు గత వారం బిస్క్ పాత్రలకు గ్లేజ్. తేమ పెట్టె లేకుండానే పని సాగిపోతుంది. ఉద్యోగ ఒప్పందంలో బయటి ఆదాయం మీద నిబంధన ఉందేమో మొదటి అమ్మకానికి ముందే చదువుకోండి.

పూర్తిగా మానేయడం గురించి ఒక్కటే చెబుతాం. ఆర్డర్లు పెరిగాయన్న కారణం ఒక్కటే చాలదు. ఆరు నెలలపాటు, చెప్పిన తేదీకి, చెప్పిన నాణ్యతతో ఇవ్వగలిగారా అన్నది చూడాలి. ఉద్యోగం ఉన్నంతకాలం ఆరు వారాల కంటే తక్కువ గడువుకు ఏ ఆర్డరూ ఒప్పుకోవద్దు, పది అడిగితే పదిహేను చేయండి. తినే తాగే పాత్రలు అమ్మేముందు కాల్చిన మట్టి ఎంత నీరు పీలుస్తుందో చూడండి. గ్లేజ్ వేయకుండా, మీ పాత్రలు కాల్చే వేడికే కాల్చిన ముక్కను తూచి, ఐదు గంటలు మరిగించి, ఒక రోజు ఆ నీళ్లలోనే వదిలి, తుడిచి మళ్లీ తూచాలి. 300 గ్రాముల ముక్క 306 దాటితే అది రెండు శాతానికి మించి నీరు పీలుస్తోందని అర్థం, గ్లేజ్ ఎంత మెరిసినా ఆ కప్పు మైక్రోవేవ్‌కి, రోజువారీ వాడకానికి తగదు. గ్లేజ్ మీద వెనిగర్ చుక్క ఒక రోజు ఉంచితే రంగు మారినా ఆ గ్లేజ్ అలంకరణ పాత్రలకే.

ఏదీ కొనకముందు ఈ వారాంతం ఒక పరీక్ష పెట్టుకోండి. 300 గ్రాముల మట్టితో చేత్తో ఒక గిన్నె నొక్కి, ప్లాస్టిక్ వదులుగా కప్పి, మీరు పని చేయబోయే గదిలోనే ఉంచండి. 12, 24, 36 గంటలకు అంచు దగ్గర, అడుగు దగ్గర గోటితో నొక్కి చూసి రాసుకోండి. గీత పడి, వేలు దిగని వేళ ఏ రోజు ఏ గంటకు వచ్చిందో చూడండి. ఆ గంటకు మీరు మామూలుగా ఎక్కడుంటారో, మీ మట్టి కూడా అక్కడికి దగ్గరలోనే ఉండాలి.